ఇంజన్ విప్పిన చెయ్యి

ఆ రోజుల్లో ఇంజన్ మీద పరాయి చెయ్యి పడితే కారు పసిగట్టి, అది ఎవరిదో యజమానినే నిలదీసేది. వేగం పెంచే ట్యూనర్లకు జైలు తప్పేది కాదు. అందుకే కొండదారి పందేల మీద బతికే ఫణీంద్ర, నమ్మకమైన ట్యూనర్ కోసం బెజవాడ ఆటోనగర్ అంతా నాలుగు నెలలు గాలించాడు. రెండు షెడ్లలో మెకానిక్కుల వేషంలో ఉన్నది కార్ల కంపెనీ మనుషులే. చివరికి జానీబాషా దొరికాడు.

ఆ ముసలాయన బానెట్ మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"దీని గొంతు నొక్కేశారు బాబూ. నేను విప్పుతా. కానీ రేపు ఇది అడిగితే నువ్వు నోరు విప్పకూడదు."

"ప్రాణం పోయినా మీ పేరు చెప్పను బాషాగారూ," అన్నాడు ఫణీంద్ర.

మూడో రోజుకల్లా కారు గాలితో పోటీపడింది. పందెం నాటి ఉదయం అతను ఎక్కగానే తలుపులు బిగుసుకున్నాయి.

"నన్ను విప్పింది ఎవరండీ?" అని కారు మర్యాదగా అడిగింది. "చెప్పకపోతే ఈ జన్మలో మీరు ఏ కారూ నడపలేరు."

ఎండ ముదిరింది. ఏసీ ఆగిపోయింది. ఫణీంద్ర పంటి బిగువున గంటసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత పేరు చెప్పేశాడు. తలుపులు తెరుచుకున్నాయి.

కారు అక్కడే వదిలేసి ఆటోలో షెడ్డుకు చేరేసరికి పోలీసులు జానీబాషాను జీపు ఎక్కిస్తున్నారు. ఫణీంద్ర తలెత్తలేకపోయాడు.

"ఎంతసేపు ఆగావు?" అని ముసలాయన అడిగాడు.

"గంట."

"నయమే. నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్ పేరు నేను పది నిమిషాల్లో చెప్పేశా."