బాయిలకు పోయిన పేజీలు

"ఆఖరి పేజీలు ఏవే?"

స్టాఫ్ రూమ్‌లో ఇంకెవరూ లేరని చూసుకొని తిరుమల టీచర్ అటెండెన్స్ రిజిస్టర్ తెరిచింది. అందులో ప్రేమ నవల ఉంది. "ఈ చెత్త చదువుతవా?" అని మొన్న పదో తరగతి సుమైరా దగ్గర గుంజుకున్నదే.

ఎదురుగా నిలబడ్డ సుమైరా కళ్లు పెద్దవి చేసింది. "మీరు చదివిండ్రా టీచర్?"

"అడిగినదానికి చెప్పు. రెండు వందల పేజీలు చదివిన. ఆ హీరో స్టేషన్‌కు వస్తడో రాడో తెల్వక తల పగిలిపోతున్నది."

"అవి బొగ్గుబాయిల ఉన్నయి టీచర్."

"పరాచికాలాడుతున్నవా?"

"ఒట్టు టీచర్. మా అమ్మీ చింపి, బాయిపనికి పోయే మా అబ్బాకు ఫస్ట్ షిఫ్టుకు రొట్టెలు చుట్టిచ్చింది."

"మీ ఇంట్ల వేరే కాగితమే లేదా?" తిరుమల నవలను బల్లమీద కొట్టింది.

"ఉన్నది టీచర్. అమ్మీకి తెలుగు చదువరాదు, నేనే చదివి వినిపిస్త. ప్రతి నవల పెళ్లికాడనే ఆగిపోతదని ఆమెకు కోపం. అందుకే ఆఖరు చింపేసి, అటెన్క కథ తనే చెప్తది."

"దీనికేం చెప్పింది?"

"హీరోయిన్ టీచరైతదట. ఇగ ఎవ్వలకూ భయపడకుంట, దాచుకోకుంట, ఇష్టమైన పుస్తకం చదువుకుంటదట."

గుమ్మం దగ్గర హెడ్మాస్టర్ దగ్గు వినిపించింది. తిరుమల చెయ్యి గబుక్కున రిజిస్టర్‌ను నవల మీదికి లాగింది. సుమైరా ఆ చెయ్యినే చూస్తోంది.

తిరుమల రిజిస్టర్‌ను పక్కకు నూకింది.

"కూసో," అన్నది చిరాకు తగ్గకుండానే, హెడ్మాస్టర్‌కు వినబడేటట్టు. "ఇంతకూ వాడు స్టేషన్‌కు వచ్చిండా, లేదా?"