బావమరిది చల్లిన బూజు

తెల్లవారుతూనే మొక్కజొన్న చేలోకి వెళ్లిన రైతుకు వరుసల మధ్య సొంత బావమరిదే కనిపించాడు. చేతిలో బకెట్. గుప్పిళ్లతో ఏవో గింజలు చల్లుకుంటూ పోతున్నాడు.

రైతు ఒక గింజ ఏరి చూశాడు. దాని నిండా ఆకుపచ్చ బూజు!

నిరుడు లారీ నిండా పంపిన పంటను మిల్లువాళ్లు తిప్పి పంపింది బూజు వల్లే. విషం ఉందన్నారు. కోళ్లకు కూడా వేయొద్దన్నారు. ఈ ఏడూ అదే జరిగితే ఇక చేను వదులుకోవాల్సిందే.

“మొక్కల రోగాల ల్యాబులో ఉద్యోగం వెలగబెట్టేది ఇందుకా? అక్క కొంప ముంచడానికా?”

“చెప్పి చల్లితే ఒప్పుకుంటావా బావా?” నవ్వాడు బావమరిది.

ఆ నవ్వుకు రైతు ఒళ్లు మండింది. చొక్కా పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాడు.

“చూడవే, నీ తమ్ముడి నిర్వాకం!”

భార్య తాపీగా గ్లాసులు తుడుస్తూ, “ఒరేయ్, కాఫీ తాగావా?” అంది.

“కాఫీయా! వీణ్ని నలుగురిలో నిలబెడతాను. ఈ గింజలు పరీక్ష చేయిస్తాను!”

“చేయించు బావా. నా మాటైతే నువ్వెలాగూ నమ్మవు.”

రైతు అన్నంత పనీ చేశాడు. గుప్పెడు గింజలు పొట్లం కట్టి, ధాన్యం పరీక్షా కేంద్రంలో ఇచ్చొచ్చాడు.

వారానికి కబురు వచ్చింది. రైతు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యనూ బావమరిదినీ వెంటబెట్టుకుని, సాక్ష్యానికి ఇద్దరు స్నేహితులను కూడా వ్యానులో ఎక్కించుకుని మరీ వెళ్లాడు.

పరీక్ష చేసినావిడ కాగితం తీసింది. “మీ అనుమానం నిజమేనండీ. బూజే. నిరుడు మీ పంటను పాడుచేసిన జాతే.”

రైతు బల్ల గుద్దాడు. “విన్నారుగా! ఇప్పుడేమంటావే?”

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావమరిది పైకప్పు వైపు చూస్తున్నాడు.

“ఆగండి బాబూ, ఇంకో వాక్యం ఉంది” అంటూ ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది. “ఈ రకంలో విషం తయారుచేసే జన్యువులు లేవు, దీన్ని ముందుగా చల్లిన చేలో విషపు బూజుకు చోటు దొరకదు.”