కుడికి లాగే లారీ

"మళ్ల కుడికే పోయింది" అన్నాడు వీరేందర్, లారీ దిగుతూ.

గోదావరిఖనిలో మెకానిక్ సదయ్య షెడ్డు ముందు అతను ఆ మాట అనడం అది మూడోసారి.

మూడు నెలల కిందట, బసంత్‌నగర్ దాటాక, ఏదో బండి వెనక నుంచి వచ్చి అతని లారీని గుద్దింది. లారీ వెళ్లి కల్వర్టు గోడకు ముఖం కొట్టుకుంది. వీరేందర్ ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి ఎడమ చేతికి కట్టు ఉంది. గుద్దినవాడు పత్తా లేడు.

చెయ్యి అతుక్కుంది. లారీకి కొత్త బంపరు, కొత్త అద్దం, ముందు చక్రాలకు కొత్త ఇరుసు వచ్చాయి. చూడ్డానికి పెళ్లికొడుకులా ఉంది. స్టీరింగు కాస్త వదులు చేస్తే మాత్రం ఎదురొచ్చే బండ్ల మీదికి పోతోంది.

రెండుసార్లు మంచిర్యాల తీసుకుపోయి చక్రాలను కంప్యూటర్‌తో సరిచేయించాడు. రెండుసార్లూ అంతా బాగుందనే కాగితం చేతిలో పెట్టారు.

సదయ్య ఆ కాగితాన్ని వీరేందర్ ముందు పరిచాడు.

"బండి సక్కగనే ఉన్నది తమ్మీ. నీ చేతులల్ల భయం జొచ్చింది. గుద్దుకున్నోళ్లకు కొన్నొద్దులు గట్లనే ఉంటది."

వీరేందర్ తన చేతుల వంక చూసుకున్నాడు. పద్దెనిమిదేళ్లు బొగ్గు లారీ నడిపిన చేతులు. ఇప్పుడు వాటి మీద అతనికే నమ్మకం పోయింది.

భార్య శోభ మైసమ్మకు కోడిని కోయించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. లారీ నిమ్మకాయలను శుభ్రంగా తొక్కి, కుడికే పోయింది.

ఇక అమ్మేద్దామనుకున్నాడు. అమ్మాక ఏం చేస్తాడో అతనికి తెలియదు. లారీ నడపడం తప్ప ఇంకో పని రాదు.

షెడ్డుకు ఎదురుగా పూలమ్మ చాయ్ హోటల్. మూడు రోజులుగా ఒకాయన వచ్చి అక్కడ కూర్చుంటున్నాడు. యాభై దాటి ఉంటాయి. చాయ్ తాగుతాడు, లారీని చూస్తాడు, వెళ్లిపోతాడు.

ఆ రోజు రోడ్డు దాటి వచ్చాడు.

"ముందట కాదు తమ్మీ. ఎన్క కుడి చక్రం కాడ ఇప్పి చూపియ్యి. ఇరుసు జరిగి ఉంటది."

"ఎన్క పెద్ద దెబ్బేం తాకలే" అన్నాడు సదయ్య. "డాలా తలుపుకు ఇంత సొట్ట, గంతే. ఇంతకూ నువ్వెవలు?"

"ఎవలనైతే ఏంది. ఓసారి చూడున్రి."

సదయ్య వీరేందర్‌ను చూసి కన్ను గీటాడు. దెబ్బతిన్న బండ్లున్న షెడ్ల చుట్టూ బ్రోకర్లు తిరగడం అక్కడ మామూలే. బండికి లేని రోగం అంటగట్టి సగం ధరకు లేపుకుపోతారు. అమ్మకం మాట బయటికి పొక్కింది, ఈయన వాలిపోయాడు. వీరేందర్‌కూ అలాగే అనిపించింది. ఒళ్లు మండింది.

"బేరానికచ్చినవా కాకా? గుద్దినోడు దొరికితే కాళ్లిరగ్గొడదామని చూస్తున్న. నడుమ నీ లొల్లేంది? పో ఈడికెళ్లి."

ఆయన పోలేదు. వీరేందర్ ఎడమ చెయ్యి వంక చూశాడు.

"చెయ్యి మంచిగ వంగుతున్నదా?"

"నీకెందుకు?"

ఆయన తలూపి వెళ్లిపోయాడు.

మర్నాడు పదింటికి కొనేవాళ్లు వస్తామన్నారు. శోభ పొద్దున్నే వాకిలి ముందు నీళ్లు చల్లింది. ఆ తడి ఆరకముందే వీరేందర్ లారీని ముందుకు తీశాడు.

"జెర ఆపున్రి" అంది శోభ. "దిగి గిది చూడున్రి."

తడి నేల మీద ముందు చక్రాల జాడ ఒకచోట ఉంది. వెనక చక్రాల జాడ దాని మీద పడకుండా, బెత్తెడు పక్కకు ఉంది. రెండు వైపులా ఎడమకే.

"ముందటి చక్రం పోయిన తొవ్వలనే ఎన్కది పోవాలె గదా?"

వీరేందర్ చాలాసేపు ఆ జాడల దగ్గరే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత కొనేవాళ్లకు ఫోన్ చేసి రావద్దన్నాడు.

షెడ్డులో సదయ్య జాకీ పెట్టి వెనక కుడి చక్రం విప్పాడు. ఇరుసును స్ప్రింగు కమాన్ పట్టీలకు కుదురుగా నిలిపే బోల్టు తెగిపోయి ఉంది. ఇరుసు ఆ వైపు రెండు వేళ్లంత ముందుకు జరిగింది. గ్రీజు, బొగ్గు మసి కలిసి దాన్ని కప్పేశాయి.

"ముందట పగిలిందని ముందటనే చూసిన" అన్నాడు సదయ్య, తల ఎత్తకుండా. "కంప్యూటర్‌కు గూడ ముందటి చక్రాలే చూపెడితిమి."

సాయంత్రానికి కొత్త బోల్టు పడింది. వీరేందర్ లారీని రోడ్డెక్కించాడు. ఖాళీ జాగా చూసి స్టీరింగు మీద నుంచి చేతులు ఎత్తాడు. లారీ గీత గీసినట్టు పోయింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ అలాగే పోయింది.

అతనికి ఏడుపొచ్చింది. మూడు నెలలుగా తన చేతులను తానే తిట్టుకున్నాడు.

తిరిగొచ్చి లారీ ఆపి, నేరుగా పూలమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, ఆ పెద్దమనిషి రాలేదా? నోటికొచ్చినట్టు మాట్లాడిన. కాళ్లు మొక్కాలె ఆయినెకు."

"ఇప్పుడే పాయె బిడ్డా. నీ బండి సక్కగ పోవుడు సూశిండు, లేశిండు, మంచిర్యాల బస్సెక్కిండు."

"ఆయినె మెకానిక్కా?"

"కాదు. డ్రైవరు."

"ఏ బండి నడుపుతడు?"

పూలమ్మ గ్లాసులు కడగడం ఆపి అతని ముఖంలోకి చూసింది.

"ఇప్పుడు ఏదీ నడుపడు కొడుకా. నీ బండిని గుద్దిన కాన్నుంచి మళ్ల స్టీరింగు ముట్టలేదట."