గుండె చూసి తెరిచే గేటు

కనజావా నగరానికి వెళ్లే చిన్న టోల్ రోడ్డు మీద గేటు మనుషుల గుండె దడ చూసి తెరుచుకుంటుంది. ఎవరికి కంగారెక్కువైతే వాళ్లకే ముందు దారి. అందుకే కనాయె, ఆమె భర్త రియోజీ రోజూ గేటు ముందు కావాలనే పోట్లాడుకుంటారు.

ఇవాళ ఆసుపత్రిలో కనాయె తల్లి ఆఖరి ఘడియల్లో ఉంది. కనాయె మాత్రం కారులో మొద్దుబారిపోయి కూర్చుంది. గేటు కదల్లేదు. పక్క వరసలో అత్తాకోడళ్లెవరో అరుచుకుని ముందుకెళ్లిపోయారు.

“మీ అమ్మ చేసే సూపు ఉత్త ఉప్పు కషాయం!” రియోజీ రెచ్చగొట్టాడు.

“వద్దండీ. ఇవాళ కోపం కూడా రావట్లేదు.”

“అయినా గిన్నె నిండా పోసేది. వద్దంటే వినేదా? ఇంకాస్త తాగు నాయనా అంటూ…”

అతను స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. గేటు చప్పున లేచింది. పైన తెర మీద రియోజీ పేరు ఎర్రగా వెలిగింది.