గడియ వేసిన వంటగది

“కుండ మీద చెయ్యి తియ్యి,” అన్నాడు మేస్త్రి.

చెల్లెలు తియ్యలేదు. గట్టు మీదున్న ఇనప కుండని రెండు చెవులూ పట్టుకుని అలాగే నిలబడింది. కింద ఆమె మొగుడు కారు డిక్కీ తెరిచి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“రేపు పండగ. ఇవాళ రాత్రికి పదకొండు మంది భోజనానికొస్తారు. ఎవరు వండుతారన్నయ్యా?”

“నేను.”

చెల్లెలు నవ్వు ఆపుకోబోయి, అనవసరమనుకుని మానేసింది.

“నువ్వా? పొద్దస్తమానం లేత్ మిషన్ మీద ఇనుము చెక్కే నువ్వా? పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో తెలుసా నీకు?”

ఆ ఇంటి పద్ధతి బంధువులందరికీ తెలిసిందే. పండగ ముందు రోజు మాంసం, దుంపలు ఆ కుండలో ఆరు గంటలు సన్నసెగ మీద ఉడకాలి. వండేది ఇంటి కోడలే. లోపల గడియ వేసుకుని వండాలి. కుండ బల్ల మీదికి వచ్చేదాకా ఎవరూ చూడకూడదు. మగవాడు గరిటె ముట్టకూడదు. కాకపోతే నిండు కుండ దించడం ఆడమనిషి ఒక్కదాని వల్ల కాదు కనుక, మొగుడికి మాత్రం లోపలికి ప్రవేశం ఉంది. ఉల్లిపాయలు తరగడం, కుండ మొయ్యడం, నోరు మూసుకోవడం అతని పనులు. ఇవన్నీ మేస్త్రి తల్లి పెట్టిన చట్టాలు. ఆవిడ పోయినా చట్టాలు పోలేదు.

అలా నలభై ఒక్క పండగలు గడిచాయి. నాలుగు నెలల కిందట మేస్త్రి భార్య పోయింది.

“కోడలు లేని ఇంట్లో కుండ ఆడపడుచుది. అమ్మ చెప్పిన మాటే ఇది,” అంది చెల్లెలు.

“అమ్మ చెప్పిందల్లా నేను విన్నానని నీకెవరు చెప్పారు?”

“మగాడు గరిటె పెట్టిన కూర మన వాళ్ళెవరూ ముట్టరు.”

“ముట్టని వాళ్ళు రొట్టె కొనుక్కు తినమను. సందు చివర దుకాణం తెరిచే ఉంది.”

గుమ్మంలో నిలబడ్డ కూతురు ఇక ఆగలేకపోయింది. “పంతానికి పోకు నాన్నా. అందరి ముందూ నవ్వులపాలవుతావు. అమ్మ పేరు కూడా చెడుతుంది.”

మేస్త్రికి ఒళ్ళు మండింది. “మీ అమ్మ పేరు నేనుండగా చెడదు. ఎవరి పెత్తనమూ అక్కర్లేదు. ఈ ఒక్క రోజూ ఈ కుండ ఈ గుమ్మం దాటదు.”

చెల్లెలు కుండ వదిలింది కానీ పట్టు వదల్లేదు.

“సరే. మొదటి ముద్ద నేను తింటా. వదిన చేతి రుచి ఉందా, జన్మలో మళ్ళీ ఈ మాటెత్తను. లేదా, ఈ రాత్రే కుండ మా కారెక్కుతుంది.”

“ఎక్కించుకో. కావాలంటే పొయ్యి కూడా పీక్కుపో.”

మేస్త్రి మాంసం, దుంపలు, ఉల్లిపాయల బుట్ట లోపల పెట్టాడు. చంకలో ఒక పుస్తకం ఉంది.

“వంటల పుస్తకమా?” బయటికొస్తూ వెటకారంగా అడిగింది చెల్లెలు.

కాదు. కూతురికి అట్ట చూడగానే తెలిసింది. అమ్మ సగంలో వదిలేసిన డిటెక్టివ్ నవల. మధ్యలో గుర్తు కోసం పెట్టుకున్న బస్సు టికెట్ ఇంకా అలాగే ఉంది.

తలుపు మూసుకుంది. గడియ పడింది.

చెల్లెలు పాత అలవాటు కొద్దీ తలుపుకి చెవి ఆనించింది. ఏటా ఇదే వేడుక. ఆరు గంటలూ వదిన గొంతు గుక్క తిప్పుకోకుండా వినిపిస్తూనే ఉండేది. మాటలు తెలిసేవి కావు. “పాపం, అన్నయ్యని ఎంత సాధిస్తోందో!” అని అందరికీ చెప్పి నవ్వించేది.

ఇవాళ మాట లేదు. కత్తి చప్పుడు, మూత చప్పుడు, అంతే. కాసేపటికి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

“ఏడుస్తున్నాడా?” అంది కూతురు.

“ఉల్లిపాయలు,” అంది చెల్లెలు. తన మాట మీద తనకే నమ్మకం కలగలేదు. “ఏమోనే. మామూలు రోజుల్లో కోడిగుడ్డు కూడా మాడ్చేసేది మీ అమ్మ. ఈ ఒక్క రోజు ఆ చేతికి ఏం మహిమ వచ్చేదో! అది నేర్చుకుంటే వచ్చేది కాదు.”

ఎనిమిదింటికి తలుపు తెరుచుకుంది. మేస్త్రి కుండ తనే మోసుకొచ్చి బల్ల మధ్యలో దింపాడు. పదకొండు మందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చెల్లెలి వంకే చూశారు. ఆమె మొగుడు కారు తాళాలు బల్ల మీదే ఉంచాడు.

చెల్లెలు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద తీసుకుంది. కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి.

“వదినే,” అంది.

అంతే, పదకొండు చేతులు కుండ మీద పడ్డాయి. ఆమె మొగుడు తాళాలు జేబులో వేసుకుని మరీ అడుగు గీకాడు.

“ఎక్కడ రాసిపెట్టింది? కాగితం చూపించన్నయ్యా.”

“కాగితమేం లేదు.”

“మరెలా వచ్చింది నీకు?”

“మీ వదిన పక్కనే ఉండేదిగా,” అన్నాడు మేస్త్రి. “తినండి, చల్లారిపోతోంది.”

ఆవిడ చేతి మహిమ గురించి అందరూ మాట్లాడుకుంటుంటే తల ఎత్తుకుని విన్నాడు. తర్వాత ఒక్కడే వంటగదిలోకి వెళ్ళి, గరిటె కడిగి మేకుకి తగిలించాడు. పొయ్యి పక్కన పీట మీద నవల పెట్టింది పెట్టినట్టే ఉంది.

నలభై ఒక్క పండగలుగా, అతను వంట చేస్తున్నంతసేపూ ఆ పీట మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని నవల చదివి వినిపించిన మనిషి, ఈసారి హంతకుడెవరో చెప్పకుండానే వెళ్ళిపోయింది.