జవాబిచ్చే రాయి

కొత్త ఉప్పునీళ్ల అక్వేరియంలో ఇంకా చేపల్లేవు. ఉన్నదల్లా ఒక పెద్ద లైవ్‌రాక్. సముద్రపు పురుగూ పుట్రా లోపల ఇంకా బతికే ఉన్న రాయి. దాని మీద కుళ్లినదంతా పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్లు మార్చడం అమ్మ పని. పాపకు మాత్రం అదొక ఆట. అద్దం మీద గోటితో ఎన్నిసార్లు కొడితే రాయి కూడా అన్నిసార్లే టక్కుమంటుంది.

"సందులో రొయ్యలాంటిదేదో దాక్కుందక్కా," అన్నాడు షాపతను ఫోన్లో. "రేపు చేపల్ని బతకనివ్వదు. రాయి తీసి వేరే బకెట్లో పెట్టండి."

సాయంత్రం ఆమె రాయిని ఉప్పునీళ్ల బకెట్లోకి మార్చి, బాత్‌రూమ్‌లో పెట్టి మూత బిగించింది. పాప అలిగి, అన్నం సగంలో వదిలేసి పడుకుంది.

రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక కూడా బకెట్లోంచి ఒక్క చప్పుడూ రాలేదు. చచ్చిపోయిందేమోనని ఆమె మనసు పీకింది. వెళ్లి వంగి, మూత మీద గోటితో రెండుసార్లు కొట్టింది.

జవాబు వచ్చింది. బకెట్లోంచి కాదు. పాప గదిలోంచి, మూసిన తలుపు చెక్క మీద, రెండుసార్లు.

ఆమెకు నవ్వొచ్చింది. "నీ వేషాలు చాలుగానీ, పడుకోవే."

"ఎవర్నమ్మా?"

తిరిగి చూసింది. వెనకాల మంచినీళ్ల గ్లాసుతో పాప నిలబడి ఉంది.

గది తలుపు మళ్లీ మోగింది. ఈసారి మూడుసార్లు. తర్వాత ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు నిశ్శబ్దం.

పాప మొహం విప్పారింది. అమ్మ వద్దనేలోపే, గోటితో గ్లాసు మీద మూడుసార్లు కొట్టేసింది.