సున్నుండలు, సున్నాలు

"ఈ అమ్మాయి వాలంటీరండి," అన్నారు గోపాలకృష్ణమూర్తి మాస్టారు.

"వాలంటి వారా? ఆ ఇంటిపేరు మనవైపు విన్లేదే!" హాల్లో మంచం మీదినుంచే అన్నారు సంపూర్ణమ్మగారు.

"ఇంటిపేరు కాదండీ. ఇంటికొచ్చి ఊరికే పని చేసిపెట్టేవాళ్ళని అలా అంటారు. స్కాట్లాండు నుంచి వచ్చింది. పేరు కిర్‌స్టీ."

"కీర్తా? బావుంది. మనింటికొచ్చి పని చెయ్యడమేంటండీ, చోద్యం! కూర్చోమనండి."

మాస్టారికి బస్సు టైమైంది. ఏం చెయ్యాలో ఇంట్లోవాళ్ళు చెబుతారని కిర్‌స్టీకి ఇంగ్లీషులో చెప్పి, భీమవరంలో రాజమండ్రి బస్సు ఎక్కేశారు.

ఇంట్లోవాళ్ళు చెబుదురుగానీ, ఎలా? అచ్యుతరామరాజుగారి ఇంగ్లీషు రొయ్యల మేత బస్తాల మీద ఉన్నంతవరకే. ఆయన భార్య జానకీదేవికి అదీ లేదు. ఆయన తల్లి సంపూర్ణమ్మగారికి అక్కర్లేదు.

కిర్‌స్టీకి పంతొమ్మిదేళ్ళు. ఆస్పత్రి ఉద్యోగానికి చదువుతోంది. సెలవుల్లో ఆరు వారాలు పరాయిదేశంలో సేవ చెయ్యాలి. రోజుకెన్ని గంటలు చేసిందో పుస్తకంలో రాసుకోవాలి. ఒక్క మనిషికైనా పనికొచ్చిందని ఆ ఇంటివాళ్ళు చివర్లో రాసివ్వాలి, మాస్టారు సంతకం పెట్టాలి. లేకపోతే పై ఏడాది సీటు లేదు.

మర్నాడు పొద్దున్నే హాల్లో చీపురు కనబడింది. పట్టుకుంది.

"అయ్యయ్యో! ఇంటికొచ్చిన ఆడపిల్ల చేత చీపురు పట్టిస్తారా!"

ఆ కేకకి గోడ గడియారం ఓ నిమిషం ముందుకెళ్ళింది. కేక వెనకాలే మనిషీ వచ్చింది. సంపూర్ణమ్మగారు గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, చివరికి చీపురు పట్టుకున్నారు. వంటింట్లో జానకీదేవి చేతిలో గరిటె జారిపోయింది. అచ్యుతరామరాజుగారు పేపరు దించి నోరు తెరిచారు.

అతిథి చీపురు పట్టడం ఈ దేశంలో ఇంత ఘోరమా అని హడలిపోయింది కిర్‌స్టీ. పుస్తకంలో సున్నా వేసుకుంది.

ఆ మర్నాడు వరండాలో చేటనిండా బియ్యం. జానకీదేవే సైగ చేసి చూపించింది. రాళ్ళేరదామని కూర్చుందో లేదో, రొప్పుకుంటూ వచ్చి చేట లాక్కున్నారు సంపూర్ణమ్మగారు. "మా ఇంటికొచ్చినవాళ్ళు అన్నం తినడానికి తప్ప చెయ్యి తడుపుకోకూడదమ్మా! తినండి." చేట పోయి చేతిలోకి సున్నుండ వచ్చింది.

తరవాతి వారం పెరట్లో తడిబట్టలు. ఆ పై వారం డాబా మీద అప్పడాలు. ఆ తరవాత చెరువుగట్టు మీద మేత బుట్ట. ఏ పని దగ్గరికెళ్ళినా ముందు సంపూర్ణమ్మగారి కేక, వెనకాల సంపూర్ణమ్మగారు.

ఒకరోజు తెల్లారకముందే లేచి చీపురు కోసం వెతికింది. ఆవిడ అప్పటికే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నారు.

"ప్లీజ్, వర్క్!" అంది కిర్‌స్టీ ఏడుపు గొంతుతో.

"వర్కూ లేదు, గిర్కూ లేదు. కూర్చోండి."

వాలుకుర్చీ, టీ. వాలంటీరంటే ఇదే కాబోలని ఊరంతా అనుకున్నారు.

కిర్‌స్టీకి ఒళ్ళు మండేది మాత్రం జానకీదేవిని చూస్తే. ఈవిడ రోజుకో పని చూపిస్తుంది. ఆవిడ లాక్కుంటుంది. ఈవిడ అడ్డం చెప్పకపోగా తలుపు చాటున నిలబడి చూస్తుంది. అత్తాకోడళ్ళ ఆటలో తను బంతి. ఎవరితో చెప్పుకోవాలి? ఏ భాషలో చెప్పుకోవాలి? పగలు సున్నుండలు తినడం, సాయంత్రం సున్నాలు వేసుకోవడం. మనిషి నాలుగు కేజీలు పెరిగింది. పుస్తకం మాత్రం బక్కచిక్కింది.

ఆరో వారం ఆఖరి రోజున మాస్టారు వచ్చారు. కిర్‌స్టీ ఆయన ముందు పుస్తకం పడేసి వెక్కివెక్కి ఏడ్చింది. నలభై రెండు రోజులు, నలభై రెండు సున్నాలు. చదువు పోయినట్టే.

మాస్టారు తల పట్టుకున్నారు. "ఏంటమ్మా జానకమ్మా ఇది! ఆరు వారాల్లో ఎవరికీ ఏ పనీ చెయ్యలేదంటోంది. నేనేం సంతకం పెట్టను?"

అప్పుడే డాబా మెట్లు దిగుతూ కనబడ్డారు సంపూర్ణమ్మగారు, చంకలో అప్పడాల చేటతో. "మాస్టారా? ఉండండి, కాఫీ తెస్తాను!"

మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు.

జానకీదేవి కళ్ళొత్తుకుని, పుస్తకం అందుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

"చెయ్యకపోవడమేంటండీ, తుంటి ఎముక అతుక్కున్నా రెండేళ్ళుగా మంచానికే అతుక్కుపోయిన మా అత్తగారు మళ్ళీ కాలు కింద పెట్టింది, ఈ పిల్ల చీపురు పట్టుకున్న రోజునేనండీ!"